హైదరాబాద్ మంత్రసాధకులకు ఒక ఉపాసకురాలి బహిరంగ లేఖ

జంటనగరాల్లో మంత్రం ఉపదేశించే గురువులకు, ప్రయోగాలు చేయించే స్వాములకు, పలుకు చెప్పే అమ్మలకు నమస్కారం. తాయెత్తు రాసిచ్చే ఆమిల్ సాబ్‌లకు సలాం.

మిమ్మల్ని మోసగాళ్ళని రుజువు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను మంత్రాన్ని నమ్మే మనిషిని. గురువుగారి దగ్గర బాలా త్రిపురసుందరి మంత్రం తీసుకున్నాను. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరే లోపు జపం చేసుకుంటాను. మా ఇంట్లో పిల్లలకు జ్వరం వస్తే ముందు మాత్ర వేస్తాం, తర్వాత ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తాం. రెండిటికీ మాకు పేచీ లేదు. కాబట్టి ఇక్కడ నేను రాసేది ఇంటి మనిషి మాటగా వినండి.

అడగదలచుకున్నది ఇదీ. మీ ఎదుట లేని మనిషి మీద, ఆ మనిషికి తెలియకుండా, ఇష్టం లేకుండా ఏ ప్రయోగమూ చేయకండి. మీ ఎదుట లేని మనిషిని చూపించి "వీళ్ళే చేయించారు" అని ఎవరితోనూ అనకండి.

మంత్రం ఎలా మొదలవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఋషి, ఛందస్సు, దేవత, బీజం, శక్తి, కీలకం చెప్పుకుని చివర వినియోగం చెబుతాం. ఇది దేనికోసం వాడుతున్నానో దేవత ముందు నోరు విప్పి ఒప్పుకున్నాకే మొదటి అక్షరం పలుకుతాం. సంకల్పమూ అంతే. "కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే" అని చోటు చెప్పి, తిథి వారాలు చెప్పి, మన గోత్రం, మన పేరు చెప్పి, "మమ ఉపాత్త సమస్త దురితక్షయ ద్వారా శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం" అంటాం. ముందు నా పాపం పోవాలి, పరమేశ్వరుడికి ప్రీతి కలగాలి, ఆ తర్వాతే ఉద్యోగం, పెళ్ళి, ఆరోగ్యం. నీతి అనేది మంత్రానికి బయట ఎక్కడో వేరే పుస్తకంలో లేదు. జపం చేసే మనిషి ఉద్దేశాన్ని మొదటి మెట్టులోనే అడిగే పద్ధతి మనది.

మంత్రసిద్ధి కోసం చేసే పురశ్చరణ లెక్క చూడండి. అక్షరానికి లక్ష చొప్పున జపం, అందులో పదో వంతు హోమం, అందులో పదో వంతు తర్పణం, అందులో పదో వంతు మార్జనం (మంత్రజలం చల్లుకోవడం), అందులో పదో వంతు అన్నసంతర్పణ. ఐదక్షరాల మంత్రమైతే 5 లక్షల జపం, 50 వేల ఆహుతులు, 5 వేల తర్పణాలు, 500 మార్జనాలు, ఆఖరున 50 మందికి కడుపునిండా భోజనం. ఇంత కష్టపడి మంత్రసిద్ధి కోరుకునే మనిషిని ఆఖరుకు ఇంకొకరి ఆకలి ముందు నిలబెట్టారు పెద్దలు. ఆ వరుస పెట్టినవాళ్ళకు సాధకుడి మనసు ఎటు జారుతుందో బాగా తెలుసు.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఫ్లైఓవర్ స్తంభాల మీద, ఆటోల వెనక, బస్టాపుల్లో అతికించిన కాగితాలు మీరూ చూస్తున్నారు. స్త్రీ పురుష వశీకరణం, శత్రునాశనం, విడిపోయినవాళ్ళను కలపడం, కలిసున్నవాళ్ళను విడదీయడం, 24 గంటల్లో గ్యారంటీ. కింద ఫోన్ నంబరు. ఈ మధ్య కాగితం కూడా అక్కర్లేదు, ఫోన్‌లో వీడియో వస్తుంది, ఫొటో వాట్సాప్ చేసి డబ్బు యూపీఐలో పంపితే చాలు. "వాళ్ళెవరో మాకు సంబంధం లేదు" అని మీరనవచ్చు. కానీ వాళ్ళు అమ్ముతున్న సరుకు పేర్లన్నీ మన పుస్తకాల్లోవే.

షట్కర్మలు, అంటే ఆరు రకాల ప్రయోగాలు, మన తంత్రగ్రంథాల్లో ఉన్నాయి. శాంతి, వశ్యం (లొంగదీసుకోవడం), స్తంభనం (కదలకుండా ఆపడం), విద్వేషణం (విడదీయడం), ఉచ్చాటనం (తరిమేయడం), మారణం (చంపడం). ఒక్కోదానికి దేవత, దిక్కు, ఋతువు, ఆసనం కూడా చెప్పారు. ఇవి ఉన్నాయన్న నిజాన్ని దాచి మన సంప్రదాయమంతా వెన్నెల అని చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ గ్రంథంలో ఉందంటే చేయమని ఆజ్ఞ అనుకోవడం పొరపాటు. అదే సంప్రదాయంలో మనుస్మృతి అభిచారాన్నీ, వేళ్ళూ మూలికలతో చేసే మూలకర్మనూ ఉపపాతకాల, అంటే మహాపాతకాల తర్వాతి పాపాల, పట్టికలో చేర్చింది. ఒకటి చంపడానికి చేసేది, రెండోది లొంగదీసుకోవడానికి చేసేది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు కృత్యాభిచారాలతో, అంటే క్షుద్రప్రయోగాలతో, ఎదుటివాడికి ఏం చేశాడో అదే ఆ చేసినవాడికి చేయమన్నాడు. అయితే ఆ వెంటనే ఒక సడలింపు ఇచ్చాడు. ఇష్టపడని భార్య మీద భర్త, పెళ్ళాడగోరే కన్య మీద వరుడు, భర్త మీద భార్య వశీకరణం చేసుకోవచ్చన్నాడు. ఈ సడలింపును చూపించి నాతో వాదించిన పండితులున్నారు. వాళ్ళకు చెప్పినదే మీకూ చెబుతున్నాను: ఆడపిల్ల ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోని కాలం రాసిన వాక్యం అది. దాన్ని ఈ రోజు నేను ఒప్పుకోను. మీ ఇంట్లో పెళ్ళీడు కూతురుంటే మీరూ ఒప్పుకోరు.

ఆమిల్ సాబ్‌లకు మీ కితాబులోని మాటే గుర్తు చేస్తాను. ఖురాన్ రెండో సూరా 102వ ఆయతులో హారూత్, మారూత్ అనే ఇద్దరు దేవదూతల ప్రస్తావన ఉంది. "మేము పరీక్ష మాత్రమే, నువ్వు అవిశ్వాసంలో పడకు" అని హెచ్చరించకుండా వాళ్ళు ఎవరికీ ఏదీ నేర్పలేదని, అయినా జనం వాళ్ళ దగ్గర భార్యాభర్తలను విడదీసే విద్యే నేర్చుకున్నారని అక్కడుంది. ఎన్ని విద్యలున్నా పేరు పెట్టి చెప్పింది మొగుడూ పెళ్ళాలను విడదీసేదాన్నే. మన ఊళ్ళో అందరికంటే ఎక్కువమంది అడిగేదీ అదే.

వశీకరణం గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. చాలామంది దీన్ని చిన్న విషయంగా చూస్తారు. ఒక అబ్బాయి వస్తాడు. ప్రేమించిన అమ్మాయి మాట్లాడటం మానేసింది. ఆమె ఫొటో, పుట్టిన తేదీ తెస్తాడు. కొందరు తల్లి పేరు అడుగుతారు, కొందరు తలవెంట్రుక తెమ్మంటారు. ప్రయోగ విధానంలో "అముకం" (ఫలానా) అని రాసి ఉన్నచోట ఆ అమ్మాయి పేరు పెడతారు. ఆమె అప్పుడు ఏ అమీర్‌పేట హాస్టల్లోనో చదువుకుంటూ ఉంటుంది. ఆమె వద్దంది. అదే ఆమె జవాబు. ఆ జవాబును దేవతను అడ్డుపెట్టి మార్చాలని మీరు కూర్చున్నారు.

మంత్రం పారితే, ఒక మనిషి మనసును ఆమె అనుమతి లేకుండా తిప్పేశారు. పారకపోతే, వద్దన్న అమ్మాయి ఎప్పటికైనా తనదే అన్న ఆశను ఆ అబ్బాయిలో ఇంకా పెంచి పంపారు. వాడు మళ్ళీ ఆమె హాస్టల్ గేటు దగ్గర నిలబడతాడు. "పని జరుగుతోంది, నలభై రోజులు ఓపిక పట్టు" అని మీరన్న మాట వాడి చెవిలో ఉంటుంది. ప్రయోగం పనిచేస్తుందా లేదా అన్న వాదన నాకు ఇక్కడ అవసరమే లేదు. రెండు దారుల్లోనూ నష్టపోయేది ఆ అమ్మాయే.

హేతువాదులైన మిత్రులు నాతో అంటారు, మంత్రాలకు చింతకాయలు రాలవు కదా, చేసుకోనీ, ఎవరికి నష్టం అని. నష్టం మొదట చేసేవాడికే. ఒక మండలం పాటు ఒకరి చెడును కోరుతూ జపం చేసే మనిషి లోపల ఏం జరుగుతుందో సాధన చేసినవాళ్ళకు తెలుసు. శ్వాస, వేలికొసలు, నిద్ర అన్నీ ఆ పేరు చుట్టూ తిరుగుతాయి. మనం దేన్ని జపిస్తే మనసు దాని ఆకారం పడుతుందని కదా గురువులు చెప్పింది. పరాయి మనిషి పతనాన్ని 41 రోజులు కళ్ళ ముందు ఉంచుకున్నాక లలితాసహస్రం చదివితే ఏ మనసుతో చదువుతారు?

సిద్ధులు, అంటే అసాధారణ శక్తులు, మంత్రం వల్ల కూడా వస్తాయని యోగసూత్రాల్లో పతంజలి ఒప్పుకున్నాడు. జన్మ, ఔషధం, మంత్రం, తపస్సు, సమాధి అని ఐదు దారులు చెప్పాడు. కానీ అంతకు ముందు పాదంలోనే అవి సమాధికి అడ్డంకులని చెప్పేశాడు. శక్తి వచ్చినప్పుడే సాధకుడికి ఎక్కువ ప్రమాదం. నలుగురూ కాళ్ళు మొక్కుతుంటే, కార్లలో వచ్చి గుమ్మం ముందు నిలబడుతుంటే, నేను దేనికి మొదలుపెట్టాను అన్నది మరిచిపోవడం చాలా తేలిక. శక్తి కావాలని మొదలుపెట్టినవాడికీ, భయం పోవాలని మొదలుపెట్టినవాడికీ, అమ్మను చూడాలని మొదలుపెట్టినవాడికీ మంత్రం ఒకటే కావచ్చు, చేరే చోటు ఒకటి కాదు.

రెండో విషయానికి వస్తాను. నా దృష్టిలో ఇది మొదటిదానికంటే ప్రమాదం.

"ఎవరు చేశారో చెప్పండి స్వామీ" అని అడుగుతారు. మీరు పేరు చెప్పకపోవచ్చు. "దగ్గరి మనిషే, ఆడమనిషి, మీకంటే చిన్నది, ఈ మధ్యే ఇంటికి వచ్చి వెళ్ళింది" అంటారు. ఇలాంటి మనిషి లేని ఇల్లు తెలుగుదేశంలో ఉందా? మా పిన్నికి ఒంట్లో మంటలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు వచ్చేవి. ఒక గురువుగారు సరిగ్గా ఈ మాటలే చెప్పారు. ఆ వర్ణనలో మా పిన్ని తన తోడికోడలిని చూసింది. ఇరవై ఏళ్ళు ఒకే వంటింట్లో మెలిగిన ఇద్దరు ఆడవాళ్ళు ఆ రోజు నుంచి మాట్లాడుకోలేదు. తర్వాత డాక్టరు మందులతో పిన్ని కోలుకుంది. తోడికోడలి పెద్ద కొడుకు పెళ్ళికి మాత్రం మా వైపు నుంచి ఎవ్వరూ వెళ్ళలేదు. పిన్ని ఆరోగ్యం తిరిగి వచ్చినా ఆ ఇంటి మంచి తిరిగి రాలేదు.

మాది నగరం, చదువుకున్న కుటుంబం కాబట్టి అంతటితో పోయింది. మెదక్ వైపు పల్లెల్లో బాణామతి (చేతబడి) చేశారన్న అనుమానంతో మనుషుల పళ్ళు ఊడగొట్టారు. పళ్ళు లేకపోతే మంత్రం స్పష్టంగా పలకదని, పలక్కపోతే పారదని. చెట్టుకు కట్టి కొట్టారు, తగలబెట్టారు. తెలంగాణలో ఇది కథ కాదు, పేపర్లలో చదువుతూ పెరిగాం. ఆ దెబ్బలు తిన్నవాళ్ళలో ఎక్కువమంది పేదలు, ముసలివాళ్ళు, వెనక ఎవరూ లేని ఆడవాళ్ళు. వాళ్ళ మీదికి వేలు మొదట ఎవరు చూపించారని వెతికితే చాలాసార్లు పలుకు చెప్పేవాళ్ళ గుమ్మం దగ్గర తేలుతుంది. జిల్లాల నుంచి బస్సెక్కి మన నగరానికి వచ్చి మీ ముందు కూర్చునేవాళ్ళు ఆ పేరును తిరిగి ఊరికి మోసుకెళ్తారు. మీరు చేత్తో ఎవర్నీ కొట్టలేదు, నిజమే. కానీ ఆ పేరు మీ నోటి నుంచి వెళ్ళింది.

2018 జనవరి 31 చంద్రగ్రహణం. ఆ మర్నాడు ఉప్పల్ చిలకానగర్‌లో ఒక ఇంటి డాబా మీద పసికందు తల దొరికింది. ఇంటావిడ ఆరోగ్యం బాగుపడటానికి చేసిన క్షుద్రపూజ అని పోలీసులు చెప్పారు. ఆ వార్త చదివిన రోజు జపానికి కూర్చోలేకపోయాను. మనలో చాలామంది "అది మన విద్య కాదు" అని పక్కకు జరిగారు. కానీ ఒకరి ప్రాణాన్ని ఇంకొకరి మేలు కోసం వాడుకోవచ్చన్న ఆలోచన ఉన్నట్టుండి పుట్టదు. వద్దన్న అమ్మాయి మనసును మన కోసం తిప్పొచ్చు అని ఒప్పుకున్నచోటే అది మొదలవుతుంది. దూరం చాలా ఉంది, కానీ దారి అదే.

కోరిక కోరడమే తప్పని నేననను. మనందరం కోరికలతోనే గుడికి వెళ్తాం. చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేస్తారు. వీసా కోసం, ఉద్యోగం కోసం, పిల్లల కోసం తిరుగుతారు. అక్కడ హుండీ లేదు. కాళ్ళు నొప్పి పుట్టేదాకా తిరిగేది కోరుకున్న మనిషే. ఇంకెవరూ దానికి మూల్యం చెల్లించరు. ఇలాంటి కోరిక ఎంత పెద్దదైనా నాకు అభ్యంతరం లేదు.

ఈ ఊరికే ప్రాణమైన బోనాల సంగతి చూడండి. 1813లో ఇక్కడ కలరా వచ్చి జనం చనిపోతుంటే, సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న సూరటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, రోగం తగ్గాక తిరిగి వచ్చి 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారి కర్ర విగ్రహాన్ని నిలబెట్టాడని గుడి చరిత్ర చెబుతుంది. దూరంగా, సురక్షితంగా ఉన్న మనిషి ఊరి కోసం మొక్కాడు. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ మొక్కు తీరుస్తూనే ఉన్నాం. బోనాల మర్నాడు రంగంలో అమ్మవారు ఆవహించిన స్త్రీ పచ్చికుండ మీద నిలబడి పలుకు చెబుతుంది. వానలెలా ఉంటాయి, పంటలెలా ఉంటాయి, రోగాలొస్తాయా, నాకు చేసే పూజలో లోపమేమిటి అని చెబుతుంది. ఆ గుంపులో ఎన్ని వేలమంది కడుపుల్లో ఎన్ని పగలుంటాయో. అయినా "నా మీద ఎవరు చేశారు" అని అక్కడ ఎవరూ అడగరు. అందరి ముందు, అందరి కోసం పలికేచోట ఆ ప్రశ్నకు తావే లేదు. తలుపు మూసిన గదిలోనే అది పుడుతుంది.

డబ్బు గురించి ఎక్కువ రాయను. దక్షిణ తీసుకోండి, మీకూ కుటుంబాలున్నాయి. కానీ మొదట 1,116, తర్వాత "దోషం పెద్దది" అని పదింతలు, ఆ తర్వాత "ప్రయోగం ఎదురు తిరిగింది, ఆపితే ప్రాణానికి ప్రమాదం" అని నగలు తాకట్టు పెట్టించడం దక్షిణ కాదు. రోగం తగ్గిస్తామని మంత్రం, తాయెత్తు, కవచం పేరుతో ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నేరమంటోంది. మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత, ఇంకా గట్టి చట్టం చేసింది. కర్ణాటక 2017లో చేసింది. చట్టం వచ్చి మన గుమ్మంలో నిలబడే దాకా ఆగడం ఉపాసకులకు గౌరవం కాదు.

ఇక కొత్తగా వస్తున్న పిల్లల గురించి. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలు, అబ్బాయిలు టారో కార్డులు, మానిఫెస్టేషన్ (కోరుకున్నది జరిగినట్టే భావించి రప్పించుకోవడం) అంటూ పాశ్చాత్య పద్ధతులు నేర్చుకుంటున్నారు. వాళ్ళను చూసి మనలో కొందరు ముఖం చిట్లిస్తారు. ఆ పాశ్చాత్య దారుల్లోనే ఒకటైన, గత శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో వెలుగులోకి వచ్చిన విక్కా అనే మార్గంలో ఎవరికీ హాని చేయనంతవరకే నీ ఇష్టం అన్నది మూల నియమం. ఎదుటి మనిషి అనుమతి లేకుండా వాళ్ళ మీద ఏదీ చేయకూడదని ఆ మార్గంలో చాలామంది పట్టుబడతారు. నిన్నగాక మొన్న మొదలైనవాళ్ళు దీన్ని ఇంత స్పష్టంగా అడుగుతుంటే, ఇన్ని తరాల గురుపరంపర చెప్పుకునే మనం ఎందుకు నీళ్ళు నములుతున్నాం?

మరి వచ్చినవాళ్ళను ఏం చేయాలి అంటారు. వాళ్ళు బాధతోనే వస్తారు. వట్టి చేతులతో పంపమని నేను అనడం లేదు. వద్దన్న అమ్మాయి కోసం వచ్చిన అబ్బాయికి ఆ అమ్మాయి పేరు లేని సంకల్పం చెప్పించండి. నా మనసు కుదుటపడాలి, ఈ బాధ తట్టుకునే బలం రావాలి అని వాడి గోత్రం, వాడి పేరుతోనే చెప్పించండి. షట్కర్మల్లో మొదటిది శాంతే కదా. పక్కింటివాళ్ళు చేతబడి చేశారని వచ్చినావిడకు రక్షరేకు కట్టండి, ఆమెకు ధైర్యం వస్తుంది, ఎవరికీ కీడు లేదు. "ఎవరు" అని అడిగితే "ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను, మా సంప్రదాయంలో చెప్పకూడదు" అని గట్టిగా అనండి. మీ మాట మీద వాళ్ళకు ఎంత గురి ఉందో డాక్టరు మాట మీద అంత ఉండదు. అందుకే నిద్ర పట్టనివాళ్ళను, మూర్ఛలు వచ్చేవాళ్ళను, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనేవాళ్ళను, "చచ్చిపోవాలనిపిస్తోంది" అనేవాళ్ళను మీరే ఆసుపత్రికి పంపాలి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తాయెత్తు కట్టి, అదే చేత్తో ఈ నంబరు రాసిన చీటీ ఇవ్వండి. పాము కాటుతో వస్తే మాత్రం మంత్రం కూడా వేయకండి, ఒక్క నిమిషం ఆపకండి. ఆ విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది.

మీలో ఇలాంటి పనులు అడిగినవాళ్ళను గుమ్మం నుంచే తిప్పి పంపేవాళ్ళున్నారని నాకు తెలుసు. మా గురువుగారు అలాంటివారే. వాళ్ళకు నాదొక విన్నపం. మీరు వద్దన్న సంగతి ఆ వచ్చిన మనిషికి తప్ప ఎవరికీ తెలియడం లేదు. వాడు మీ గుమ్మం దిగి పక్క వీధిలో ఇంకొకరి దగ్గరికి వెళ్తున్నాడు. మీ వాకిట్లో బోర్డు మీద పూజావేళల కింద రెండు వాక్యాలు రాయించండి: "వశీకరణ, శత్రు ప్రయోగాలు చేయము. ఎవరు చేశారో చెప్పము." తెలుగులో, ఉర్దూలో రాయించండి. నవరాత్రి ప్రవచనాల్లో శిష్యులకు చెప్పండి. ఉపదేశం ఇచ్చేటప్పుడు అక్షరాలు, న్యాసం ఎంత జాగ్రత్తగా నేర్పుతారో దీన్నీ అంత జాగ్రత్తగా నేర్పండి. ఆషాఢంలో బోనాలకు జిల్లాల నుంచి జనం వస్తారు, వాళ్ళలో చాలామంది మీ దగ్గరికీ వస్తారు. అప్పటికల్లా ఆ బోర్డులు కనిపించేలా చూడండి.

నమస్కారాలతో,
ఒక ఉపాసకురాలు,
వారాసిగూడ, సికింద్రాబాద్.